కొత్త వ్యానా, సెకండ్ హ్యాండ్ వ్యానా? కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

"కొత్త వ్యాన్ కొనాలా సెకండ్ హ్యాండ్ కొనాలా, ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అని నన్ను పిలిచారు. చెప్తాను, కానీ అందరికీ ఒకటే జవాబు చెప్తే మీలో సగం మందికి అది తప్పు జవాబవుతుంది, అందుకని ముందు మీరు మనసులో రెండు లెక్కలు వేసుకోండి. ఒకటి, మీ బండి నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది. రెండోది, బండి ఒక్క రోజు షెడ్డులో పడుంటే మీకు ఎంత పోతుంది. మొదటిది అడిగితే అందరూ టక్కున చెప్తారు, రెండోది మాత్రం ఎవ్వరూ లెక్కెయ్యరు. నన్నడిగితే నిర్ణయం మొత్తం ఆ రెండోదాని మీదే ఉంది.

నేను షెడ్డులో పనిచేసే మనిషిని, నా దగ్గరికొచ్చేవి ఎక్కువ వ్యాన్లే. సరుకు తోలేవి, పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్ళేవి, ఎలక్ట్రీషియన్లు ప్లంబర్లు సామాను వేసుకుని తిరిగేవి. కారుకీ వ్యానుకీ ఒక తేడా ఉంది, అది ముందే చెప్పాలి. కారుని ఇంట్లోవాళ్ళు ఒకళ్ళో ఇద్దరో నడుపుతారు, వారానికి కొన్నిసార్లు బయటికి తీస్తారు, ఇంటి ముందు కవర్ కప్పి పెడతారు. వ్యాన్ అలా కాదు, అది పని చేసే బండి, రోజూ బరువు మోస్తుంది, డ్రైవర్లు మారుతుంటారు, ఎవరి బండి అనే మమకారం నడిపేవాడికి ఉండొచ్చు ఉండకపోవచ్చు. కాబట్టి మూడేళ్ళ కారు, మూడేళ్ళ వ్యాన్ పక్కపక్కన పెడితే వ్యాన్ లోపల అరుగుదల చాలా ఎక్కువ ఉండొచ్చు, పైకి మాత్రం రెండూ ఒకేలా మెరుస్తుంటాయి. కారు కొన్న అనుభవంతో వ్యాన్ కొనడానికి వెళ్ళకండి అని అందుకే అంటాను.

ఇప్పుడు డబ్బు లెక్క. రూపాయల్లో చెప్తే ఒక్కొక్కళ్ళకి ఒక్కో బండి గుర్తొస్తుంది కాబట్టి కొత్త వ్యాన్ ధర నూరు అనుకుందాం. ఏ బండైనా మొదటి ఏడాదే ఎక్కువ విలువ పోగొట్టుకుంటుంది, 15 నుంచి 25 శాతం పోవడం మామూలు విషయం, ఆ తర్వాత తగ్గే వేగం నెమ్మదిస్తుంది. ఉదాహరణకి ఇలా అనుకోండి, ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు, మీ మోడల్‌కి మీరు కనుక్కుని వేసుకోవాలి. నూరు పెట్టి కొత్తది కొన్నారు, ఐదేళ్ళ తర్వాత అమ్మితే 45 వచ్చింది, అంటే 55 పోయింది. అదే బండి మూడేళ్ళు వాడింది 60కి దొరికింది, మీరు ఐదేళ్ళు నడిపి ఎనిమిదేళ్ళ బండిగా అమ్మితే 25 వచ్చింది, అంటే 35 పోయింది. తేడా 20. ఇక్కడిదాకా చూసి చాలామంది "ఇంకేముంది, సెకండ్ హ్యాండే లాభం" అని లేచి వెళ్ళిపోతారు, కాస్త ఆగాలి. ఆ వాడిన బండికి ఈ ఐదేళ్ళలో కొత్తదానికంటే ఎక్కువ రిపేర్లు వస్తాయి, క్లచ్, కమాన్ పట్టీలు (బండి బరువు మోసే స్ప్రింగులు), బ్యాటరీ, బేరింగులు, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు, వీటికి ఒక 12 పోయిందనుకోండి. మిగిలింది 8.

ఆ ఎనిమిదే మీకు అసలు మిగులు. ఇప్పుడు ఇందాక చెప్పిన రెండో లెక్క బయటికి తియ్యండి. బండి ఒక రోజు ఆగిపోతే మీకు పోయేది 0.2 అయితే, ఐదేళ్ళలో 40 రోజులు అదనంగా ఆగినా మీరు నష్టపోరు. అదే మీకు రోజుకి 1 పోతుందంటే, అంటే ఒక్క బండి మీదే వ్యాపారం మొత్తం నడుస్తోంది, టైముకి సరుకు చేర్చకపోతే ఆ పార్టీ ఇంకొకళ్ళ దగ్గరికి పోతాడు అంటే, ఎనిమిది రోజుల్లో మీ లాభం అయిపోయింది, తొమ్మిదో రోజు నుంచి కొత్తది కొననందుకు మీరే ఎదురు కడుతున్నట్టు. ఐదేళ్ళలో ఎనిమిది రోజులంటే ఏమంత ఎక్కువ కాదు, గేర్‌బాక్స్ ఒక్కసారి దిగితే స్పేర్ పార్ట్ వచ్చేసరికే వారం పోతుంది.

అందుకే వారానికి రెండుసార్లు బండి తీసేవాళ్ళకి, లేదా అవసరమైతే ఇంకో బండి అద్దెకి తెచ్చుకోగలిగిన వాళ్ళకి నేను సెకండ్ హ్యాండే చెప్తాను, అదీ మూడు నాలుగేళ్ళ మధ్యది, సర్వీస్ కాగితాలు పూర్తిగా ఉన్నది. రోజూ పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగే బండి, పక్కన ఇంకోటి లేదు, ఆగితే ఆదాయం ఆగుతుంది, అలాంటి వాళ్ళకి కొత్తదే, అప్పు భరించగలిగితే. ఆ ఆఖరి మాట చిన్నది కాదు, దాని దగ్గరికే వస్తున్నా.

లోన్ సంగతి. సెకండ్ హ్యాండ్ బండికి వడ్డీ రేటు సాధారణంగా ఎక్కువ ఉంటుంది, తీర్చే గడువు తక్కువ ఇస్తారు. అది విని "వడ్డీ తక్కువ కదా, కొత్తదే తీసుకుందాం" అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నూరు మీద 9 శాతం అంటే మొదటి ఏడాది వడ్డీ సుమారు 9. అరవై మీద 13 శాతం అంటే 7.8. రేటు ఎక్కువైనా కట్టే వడ్డీ తక్కువే ఉంది చూడండి, అసలు తక్కువ కాబట్టి. అందుకని రేటు ఎంత, నెలకి ఈఎంఐ ఎంత అని అడిగి ఊరుకోకండి, లోన్ అంతా తీరేసరికి నా జేబులోంచి మొత్తం ఎంత పోతుంది అని ఒక్క అంకె కాగితం మీద రాయించుకోండి, రెండు బండ్లకీ రాయించుకుని పక్కపక్కన పెట్టండి. ఈఎంఐ తగ్గించాలంటే వాళ్ళకి ఒక్క క్షణం పని, గడువు పెంచేస్తారు, అంతే, మీకు నెల భారం తగ్గినట్టు ఉంటుంది కానీ మొత్తం పెరిగిపోతుంది.

ఇంకో ప్రమాదం ఉంది కొత్త బండి లోన్‌లో. తక్కువ డౌన్ పేమెంట్ కట్టి ఎక్కువ ఏళ్ళకి లోన్ పెట్టుకుంటే మొదటి ఒకటి రెండేళ్ళు బండి విలువ కంటే మీ అప్పే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే విలువ గబగబా పడిపోతుంది, అసలు మాత్రం మెల్లగా తీరుతుంది. ఆ టైములో పెద్ద యాక్సిడెంటయ్యి బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ వాళ్ళు మామూలుగా ఇచ్చేది ఆ రోజుకి ఉన్న విలువే, మిగతా అప్పు మీ నెత్తిమీదే. ఆ తేడాని కవర్ చేసే పాలసీలు ఉంటాయి, ఆడపిల్ల పెళ్ళికి దాచిన డబ్బు పెట్టి బండి కొనేవాళ్ళు కూడా నా దగ్గరికొస్తారు, అలాంటి వాళ్ళందరికీ నేను చేతులు పట్టుకుని చెప్తాను, ఆ పాలసీ గురించి అడగకుండా సంతకం పెట్టొద్దు అని.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు చేసే తప్పు దీనికి అటువైపుది. చేతిలో 60 ఉంటే 60 బండి కొనేస్తారు. నెల తిరక్కుండానే టైర్లంటారు, క్లచ్ అంటారు, చేతిలో పైసా ఉండదు, చవక పార్ట్ వేయించి నెట్టుకొస్తారు, అది ఇంకో పార్టుని తినేస్తుంది. మీ దగ్గర 60 ఉంటే 50 బండి చూడండి, పది పక్కన పెట్టండి. ఆ పదిలోంచి కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు అన్నీ, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి, అమ్మినవాడు నిన్ననే మార్చానని చెప్పినా సరే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, తేమ పెరిగేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, బరువుతో ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతుంది, అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. పాత బండ్లలో దాన్ని ఎప్పుడు మార్చారో గుర్తుండే ఓనర్ చాలా అరుదు. టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్ వాల్వులు సరైన టైముకి తెరుచుకునేలా తిప్పే బెల్ట్, ఉన్న ఇంజినైతే మార్చినట్టు బిల్లు ఉండాలి, బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. చాలా ఇంజిన్లలో ఆ బెల్ట్ తెగితే పిస్టన్ వచ్చి వాల్వులకి కొట్టుకుంటుంది, ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. కొన్ని కొత్త డిజైన్లలో ఆ బెల్ట్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది, సరైన గ్రేడ్ ఆయిల్ పొయ్యకపోతే అది రాలి ఆ ముక్కలు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి, ఆయిల్ అందక ఇంజిన్ సీజ్ అవుతుంది. బండి చూడ్డానికి వెళ్ళేముందే ఆ ఇంజిన్‌కి బెల్ట్ ఉందా, దాని బదులు చైన్ ఉందా కనుక్కోండి.

ఇప్పుడు బండి దగ్గరికెళ్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే.

అమ్మేవాడికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి, "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి" అని. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే ముందే స్టార్ట్ చేశారన్నమాట, అప్పుడు టీ తాగి రండి, లేదా రేపు పొద్దున్నే వస్తానని చెప్పండి, కానీ వేడి ఇంజిన్ చూసి కొనకండి. చల్లటి ఇంజినే నిజం చెప్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు మీరు లోపల కూర్చోకండి, ఇంకొకళ్ళని కూర్చోబెట్టి మీరు వెనకాల సైలెన్సర్ దగ్గర నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, మావాళ్ళ భాషలో ఇంజిన్ బోరుకొచ్చింది అంటారు, లేదా టర్బో సీలు పోయి ఉండొచ్చు. తెల్ల ఆవిరి చలి పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతే భయం లేదు, అది నీటి ఆవిరి, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి దిగుతోంది, హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయిందని అనుమానం. నల్ల పొగైతే ఇంధనం ఎక్కువ పడుతోంది లేదా గాలి సరిపోవట్లేదు, ఎయిర్ ఫిల్టర్ అయితే చిన్న ఖర్చు, ఇంజెక్టర్లు అయితే పెద్ద ఖర్చు. ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి, తెల్లగా నురగ పట్టి ఉంటే నీళ్ళు కలిశాయేమో చూసుకోవాలి. డీజిల్ ఇంజిన్లో ఆయిల్ నల్లగా ఉందని మాత్రం కంగారు పడకండి, మార్చిన కొద్ది రోజులకే నల్లబడటం డీజిల్‌కి సహజం.

తర్వాత డ్రైవర్ సీటు. మీటర్ రీడింగ్ వెనక్కి తిప్పడం చాలా తేలికైన పని, లాప్‌టాప్ పెట్టి నిమిషాల్లో చేసేస్తారు. కానీ రబ్బరుని ఎవరూ తిప్పలేరు. క్లచ్ పెడల్ మీద రబ్బరు గీతలు అరిగి నున్నగా అయిపోయి, సీటు డోర్ వైపు అంచు అణిగిపోయి, స్టీరింగ్ మెరుస్తూ, డోర్ వేస్తుంటే కీలు దిగిపోయి కొంచెం పైకెత్తి వెయ్యాల్సొస్తుంటే, ఆ బండి ముప్పై వేలు తిరిగిందంటే నేను నమ్మను. పెడల్ రబ్బర్లు మాత్రం కొత్తగా మెరిసిపోతూ మిగతాదంతా పాతగా ఉంటే అది ఇంకా పెద్ద అనుమానం.

ఒకసారి ఒకావిడ, పిల్లల్ని స్కూలుకి తిప్పే వ్యాన్ కోసం చూస్తున్నారు, కొనేముందు చూడమని బండి షెడ్డుకి తెప్పించారు. రీడింగ్ చాలా తక్కువ, పెయింట్ అద్దంలా ఉంది, ధర కూడా ఆవిడ అనుకున్నదానికంటే తక్కువే. క్లచ్ రబ్బరు నున్నగా ఉంది. పక్క స్లైడింగ్ డోర్ తెరిస్తే రోలర్ అరిగిపోయి పట్టాలోంచి జారుతోంది, తక్కువ తిరిగిన బండికి అది అలా అవ్వదు. బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే ఒక్క ఫాల్ట్ కోడ్ కూడా, అంటే లోపం ఉందని కంప్యూటర్ రాసుకునే గుర్తు కూడా, లేదు, ఆవిడ "హమ్మయ్య" అన్నారు. నేను ఇంకో స్క్రీన్ చూపించాను. బండి కంప్యూటర్ తన లోపలి టెస్టులు తనే చేసుకుంటూ ఉంటుంది, క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఇలా, కోడ్లు చెరిపేస్తే ఆ టెస్టులన్నీ మళ్ళీ మొదటికొస్తాయి, కొంత దూరం నడిస్తే గానీ పూర్తవ్వవు. అందులో దాదాపు అన్నీ అసంపూర్తి అని చూపిస్తోంది. అంటే ఇక్కడికి తెచ్చేముందే ఎవరో చెరిపేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. ఆవిడకి ఒక్కటే చెప్పాను, అమ్మా, ఇందులో ఏ రోగం ఉందో నాకు తెలీదు, దాన్ని మీ దగ్గర దాచారని మాత్రం తెలుసు, మీరు ఎక్కించుకునేది పిల్లల్ని. ఆవిడ వదిలేశారు. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మిగతావి త్వరగా చెప్తాను. వెనకాల సరుకు పెట్టే ఫ్లోర్ మీద మ్యాట్ ఉంటే ఎత్తి చూడండి, గుంటలు పడి రేకు వంగి ఉంటే ఓవర్‌లోడ్ తోలిన బండి, అప్పుడు కిందికి వంగి కమాన్ పట్టీలు కూడా చూడాలి, ఖాళీ బండి కూడా వెనక్కి కూర్చున్నట్టు ఉంటే అవి చచ్చిపోయినట్టే. సీటు బెల్ట్ చివరిదాకా బయటికి లాగండి, లోపల దాగిన భాగంలో బురద గీత, మరకలు, ముక్కిపోయిన వాసన ఉంటే వరదలో మునిగిన బండేమో అని అడగాలి, సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయా అన్నదీ చూడాలి. మునిగిన బండి ఎంత చవకగా వచ్చినా వద్దు, వైరింగ్ లోపల పట్టిన తుప్పు ఏడాది తర్వాత కూడా బయటపడుతుంది, దాన్ని పట్టుకోవడం మాకే చేతకాదు ఒక్కోసారి. టైరు పక్కన డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాల తర్వాత వచ్చే వరుసలో చివర నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైన టైరు, గీతలు బాగున్నా వయసైపోయిన రబ్బరు బరువు మీద నమ్మదగ్గది కాదు. క్లచ్ చూడాలంటే ఖాళీ రోడ్డు మీద తక్కువ స్పీడులో పై గేరు వేసి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి, ఇంజిన్ మోత పెరుగుతూ బండి మాత్రం అందుకోకపోతే ప్లేట్లు జారుతున్నాయి. చాలా డీజిల్ వ్యాన్లలో క్లచ్ పక్కన ఇంజిన్ అదురుని తగ్గించే రెండు భాగాల ఫ్లైవీల్ అనే చక్రం ఉంటుంది, ఇంజిన్ ఆపేటప్పుడు కటకటమని కొట్టుకుంటే అది కూడా మార్చాలి, క్లచ్ ఖర్చుని అది రెండింతలు చేస్తుంది ఒక్కోసారి.

కీ ఆన్ చెయ్యగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే మంచిదని కాదు, లైటు పని చెయ్యకుండా చేసి ఉండొచ్చు.

ఛాసిస్ నంబర్ గురించి. ఇప్పటి బండ్లకి అది 17 అక్షరాల నంబర్, అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు, ఒకటీ సున్నాలతో పొరబడకుండా. ఛాసిస్ మీద కొట్టిన నంబర్, ప్లేటు మీద నంబర్, కాగితాల మీద నంబర్, మూడూ ఒక్కో అక్షరం సరిపోవాలి. చుట్టూ గ్రైండింగ్ చేసినట్టు, మళ్ళీ పెయింట్ కొట్టినట్టు ఉంటే అక్కడితో మాట్లాడ్డం ఆపేసి వచ్చేయండి. ఆ నంబర్‌తోనే కంపెనీ రీకాల్, అంటే లోపం ఉందని బండ్లని కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచెయ్యడం, పెండింగ్ ఉందో లేదో కనుక్కోవచ్చు. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులు గుర్తున్నాయా, బ్యాగుని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్ పేలి లోహం ముక్కలు మనుషులకి తగిలిన వ్యవహారం, ప్రపంచమంతా కోట్ల సంఖ్యలో బండ్లని వెనక్కి పిలిచారు, 2017లో టకాటా దివాలా తీసింది. అలాంటి రీకాల్ పని సాధారణంగా ఉచితంగానే చేస్తారు, మీరు రెండో ఓనరైనా సరే, కానీ అడిగితేనే. ఇంకా పాత లోన్ తీరిందా, తీరినట్టు ఫైనాన్స్ వాళ్ళ కాగితం ఉందా, చలాన్లు పన్నులు ఏమైనా బాకీ ఉన్నాయా, ఇవి డబ్బు చేతులు మారకముందే చూడాలి.

ఎవరో అడుగుతున్నారు, గట్టిగా అడగండి అన్నా... "ఎక్కువ తిరిగిన బండి కొనచ్చా" అంటున్నారు. మంచి ప్రశ్న. కాగితాలున్న రెండు లక్షల కిలోమీటర్ల బండి, కాగితాల్లేని ఎనభై వేల బండి, రెండూ నా ముందు పెడితే నేను మొదటిదాని వైపే వెళ్తాను. హైవే మీద ఒకే స్పీడులో తిరిగిన కిలోమీటర్లు ఇంజిన్‌కి పెద్ద కష్టం కాదు, టౌన్లో వంద మీటర్లకోసారి ఆగి మళ్ళీ కదిలిన కిలోమీటర్లే క్లచ్‌ని, గేర్‌బాక్స్‌ని, బ్రేకుల్ని తింటాయి. కంపెనీలు లీజుకి తీసుకుని తిప్పి వదిలేసిన వ్యాన్లు ఉంటాయి కదా, వాటికి రీడింగ్ ఎక్కువ ఉంటుంది కానీ చాలావాటికి సర్వీసు టైముకి జరిగి ఉంటుంది, ఎందుకంటే లీజు ఒప్పందంలోనే ఆ షరతు ఉంటుంది. డ్రైవర్లు మారారు అన్నది మాత్రం వాటి లోపం. వేలంలో వచ్చే బండ్ల జోలికి మీరు మెకానిక్ అయితేనే వెళ్ళండి, చాలాచోట్ల నడిపి చూడనివ్వరు.

ఇక్కడ ఒక పెద్దాయన మాట చెప్పాలి. జార్జ్ ఆకర్లాఫ్ అని ఆర్థికవేత్త, 1970లో సరిగ్గా ఈ పాత కార్ల బజారు మీదే ఒక వ్యాసం రాశారు, 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి. ఆయన చెప్పింది మనకి బాగా అర్థమయ్యే విషయమే. బండి గురించి అమ్మేవాడికి అంతా తెలుసు, కొనేవాడికి తెలీదు. తెలీదు కాబట్టి కొనేవాడు మంచి బండికి కూడా సగటు ధరే ఇస్తానంటాడు, ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు, ఇక బజారులో మిగిలేవి ఎక్కువ లోపాలున్నవే. దీంట్లోంచి మనం పట్టుకోవాల్సింది ఏంటంటే, సర్వీస్ రికార్డు అంతా చూపించి, మీ మెకానిక్‌ని తెచ్చుకోండి అని అమ్మేవాడే అన్నప్పుడు అతను మీకు తెలియని సమాచారం ఇస్తున్నాడు, దానికి విలువ ఉంది, అలాంటి బండికి బజారు రేటు కంటే కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వండి. పది శాతం బేరం చేసి తగ్గించుకున్నాం అని సంబరపడేవాళ్ళు చాలామంది కాగితాల్లేని బండి తెచ్చుకుంటారు. నాకు అది చూస్తే బాధేస్తుంది.

మెకానిక్‌ని రానివ్వను అన్నవాడి బండి కొనద్దు, దీని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

కొత్తది కొనేవాళ్ళకి కూడా రెండు మూడు చెప్పాలి, కొత్తది కదా ఏం చూస్తాంలే అనుకోకండి. వారంటీ మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది, ఇలా ఉంటుంది అనుకోండి. నెలకి 6,000 తిరిగే బండికి ఆ లక్ష 17 నెలల్లో అయిపోతుంది, మీరు మూడేళ్ళ వారంటీ ఉందనుకుని కొత్తదానికి ఎక్కువ పెట్టారు, సగం కాలం కూడా రాలేదు. ఎక్కువ తిరిగేవాళ్ళు కిలోమీటర్లు పెంచే వారంటీ ఉందా, ఎంతకిస్తారు అన్నది బేరంలోనే కలపాలి. రెండోది, పూర్తిగా కొత్త డిజైన్ మొదటి ఏడాది మోడల్ కొనకండి, దాని జబ్బులేంటో మాకింకా తెలీదు, పార్టులు కూడా బయట దొరకవు. మూడోది, యార్డులో నెలల తరబడి ఎండలో నిలబడ్డ బండి కూడా కొత్త బండనే అమ్ముతారు, ప్లేటు మీద తయారైన నెల చూడండి, అది పాతదైతే ఆ మేరకి ధర తగ్గించమని అడిగే హక్కు మీకుంది. షోరూం వాళ్ళు డెమోకి తిప్పిన బండి దొరికితే మాత్రం వదలకండి, మొదటి ఏడాది పడిపోయే విలువ వాళ్ళ లెక్కలో పోయింది, వారంటీ మీకు చాలావరకు మిగిలుంటుంది. కొత్తా పాతా అని రెండే దారులు అనుకుంటారు గానీ ఈ మూడోదాన్ని ఎవరూ అడగరు.

పిల్లల్ని, మనుషుల్ని ఎక్కించుకునేవాళ్ళు ఇంకొకటి చూడాలి. వ్యాన్ ఎత్తుగా ఉంటుంది, మలుపులో హఠాత్తుగా స్టీరింగ్ తిప్పితే పడిపోయే ప్రమాదం కారుకంటే ఎక్కువ. బండి జారుతోందని పసిగట్టి ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేక్ వేసే స్టెబిలిటీ కంట్రోల్ 1995 నుంచీ కార్లలో ఉంది, కానీ తక్కువ ధర వ్యాన్లలోకి చాలా ఆలస్యంగా వచ్చింది, పాతవాటిలో చాలావాటికి ఉండదు. డబ్బు తక్కువై పాతదే కొంటున్నా సరే, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్, ప్రతి సీటుకీ బెల్టు, ఈ మూడూ ఉన్న ఏడాది మోడలే వెతకండి, దానికోసం ఏసీ వదులుకోండి, సైజు తగ్గించుకోండి. ఇందులో నేను ఎవరితోనూ రాజీ పడను.

అక్కా మీరు చెయ్యెత్తారు... "మాది అంతా టౌన్లోనే, రోజుకి పాతిక కిలోమీటర్లు, డీజిల్ వ్యాన్ చూస్తున్నాం" అంటున్నారు. వద్దక్కా, కొత్తదైనా పాతదైనా డీజిల్ వద్దు మీకు. ఇప్పటి డీజిళ్ళకి పొగలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, అది రావాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి స్పీడులో నడవాలి. మీ పాతిక కిలోమీటర్లు ముక్కలు ముక్కలుగా తిరిగితే అది కాలదు, మూసుకుపోతుంది, మార్చాలంటే చాలా ఖర్చు. అలా టౌన్లో చిన్నచిన్న ట్రిప్పులు తిరిగి మూసుకుపోయిన బండే "తక్కువ తిరిగింది" అని సెకండ్ హ్యాండ్‌లోకి వస్తుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి. మీకు పెట్రోల్ గానీ ఎలక్ట్రిక్ గానీ సరిపోతుంది.

ఎలక్ట్రిక్ అన్నాను కదా, వాడిన ఎలక్ట్రిక్ వ్యాన్ చూసేటప్పుడు ఇందాక చెప్పిన పొగ, ఆయిల్ ఏవీ ఉండవు, ఒక్క బ్యాటరీ ఆరోగ్యమే ప్రాణం. అది శాతంలో వస్తుంది, కంపెనీ సర్వీస్ సెంటర్లో రిపోర్ట్ తీయించమనండి, మీటరు మీద చూపించే రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్ళే దూరం, నమ్మకండి. చాలా కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా వారంటీ ఇస్తున్నాయి, అందులో ఎంత మిగిలింది, మీ పేరు మీదకి మారుతుందా, ఈ రెండూ రాతపూర్వకంగా తీసుకోండి. బరువు వేస్తే, చలి ఎక్కువైతే రేంజ్ తగ్గుతుంది, కాబట్టి మీ రోజు అవసరానికి ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోండి.

బరువు అంటే గుర్తొచ్చింది, బండి పేపర్లో మొత్తం అనుమతించిన బరువు ఉంటుంది, దాంట్లోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలిందే మీరు వేసుకోగలిగేది, అందులో మనుషులు, లోపల బిగించిన ర్యాకులు, పైన క్యారియర్ అన్నీ కలిసే ఉంటాయి. సరిపోదని తెలిసీ చిన్నది కొని ఓవర్‌లోడ్ తోలితే కొత్త బండిని రెండేళ్ళలో మీరే పాత బండి చేసుకుంటారు.

సరే, చాలాసేపు మాట్లాడాను. బయట రెండు వ్యాన్లు పెట్టించాను, పొద్దున్నుంచీ ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు, ఇంజిన్లు చల్లగానే ఉన్నాయి. ఒకదాంట్లో నేను కావాలని కోడ్లు చెరిపి ఉంచాను, స్కానర్ కూడా అక్కడే ఉంది. ముందు మీరు చూసి ఏది కొంటారో, ఎందుకు కొంటారో చెప్పండి, తర్వాత బోనెట్ ఎత్తి ఒక్కొక్కటీ చూపిస్తాను. మిగతా ప్రశ్నలు అక్కడే అడగండి, రండి.